పలకని బండ

తాండూరు నుంచి బషీరాబాద్ పోయే దారిలో, మా గనుల మలుపు దగ్గర, గనిలోంచి తెచ్చి పడేసిన నీలిబండ ఒకటి రెండు ముక్కలుగా పడి ఉంది. మామూలుగా మా దగ్గర పగిలిన బండ ఒక్క రోజు కూడా ఊరికే ఉండదు. అరుగుకో, మెట్టుకో పనికొస్తుందని ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. ఆటోలో పోయేవాళ్లు అటు చూసి మాట ఆపేస్తారు, మలుపు దాటాక మళ్లీ ఎత్తుకుంటారు. బండలు పగలడం నాకు కొత్త కాదు, నా కళ్లముందే వేలల్లో పగిలాయి. ఆ బండ పగిలిన రోజు మాత్రం నాకు నోట మాట పడిపోయింది. ఏడాది దాటింది.

నా పేరు పాండురంగం. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, ఐదింటిలోనూ మొదటివాణ్ణే. ఆ తర్వాత సుత్తె పట్టాను. తాండూరు పాత ఇళ్లలో నడిచి చూడండి, కాలికి చల్లగా తగిలే బండల్లో సగం నా చేతి మీదుగా పోయినవే. కుల్కచర్లలో రెండు పెళ్లి మంటపాలకు, కోట్‌పల్లిలో బడి వరండాకు, వికారాబాద్‌లో ఎన్ని ఇళ్లకో నేనే బండ తీశాను. గనిలో తాగునీళ్ల తొట్టి కట్టించింది నేను. ఎండకు ఆడవాళ్లు కూర్చోవడానికి రేకుల షెడ్డు యజమానితో కొట్లాడి వేయించింది నేను. నా చేతికింద పని నేర్చుకున్నవాళ్లు పది మందికి పైగా మేస్త్రీలయ్యారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, యోహాను ఎంతటి పనివాడో చెప్పడానికి నాకు హక్కుందని మీకు తెలియాలి. వాళ్లందరిలో నన్ను మించినవాడు యోహాను ఒక్కడే. ఈ మాట నేను ఇంకెవరి గురించీ అనలేదు, అనను.

మా గనిలో 'బండ పలకడం' అని ఒక మాట ఉంది. నాపరాయి భూమిలో చాపలు పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. నాలుగు పక్కలా కోసి, గడ్డపారలతో పొరను కదిలించాక, పైకి ఎత్తేముందు సుత్తెతో తట్టి చూస్తాం. మంచి బండైతే కంచు గిన్నెలా ఖంగుమంటుంది. అప్పుడు 'పలికింది' అంటాం. లోపల వెంట్రుక మందాన నెర్రె ఉన్నా చాలు, తడి గోడను కొట్టినట్టు చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది. అప్పుడు 'పలకలే' అంటాం. పలకని బండను ఎత్తితే అది గాలిలో విరుగుతుంది. కింద ఎవరున్నారో చూసుకోదు.

అందుకే ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తట్టేవాడు ఒకడు, వినేవాడు ఇంకొకడు. తట్టినవాడికి తన చేతి దెబ్బే చెవిలో మోగుతుంది కాబట్టి, అవతలి అంచున రెండోవాడు వంగి వినాలి. ఇద్దరి నోటా 'పలికింది' అని వస్తేనే బండ లేస్తుంది. ఒక్కడు కాదంటే లేవదు, వాడు నిన్న పనిలో చేరినవాడైనా సరే. ఈ ఇద్దరినీ జోడీ అంటాం. యోహానుకు జోడీ ఇబ్రహీం.

యోహాను తండ్రి ఊళ్లో కంది చేలల్లో కూలి చేసేవాడు. యోహాను మీసాలు రాని వయసులో నా దగ్గరికి వచ్చాడు. పొడుగు మనిషి, పెద్ద గొంతు. చెవి అంటే అదీ చెవి! షెడ్డులో కూర్చుని అన్నం తింటూ, గని అవతలి మూల ఎవరు సుత్తె వేస్తున్నారో చెప్పేవాడు. "గది మొగులప్ప సుత్తె, పిడి వదులైంది, జర చూసుకొమ్మను" అంటే, పోయి చూస్తే పిడి నిజంగానే వదులై ఉండేది. ఒకసారి నేను పలికిందన్న బండను పలకలేదన్నాడు. అప్పటికి అతను పిల్లవాడి కిందే లెక్క. పగలగొట్టి చూశాం, బెత్తెడు లోపల నెర్రె. ఆ రోజే నా సుత్తె అతని చేతికిచ్చాను. కర్ణాటక సరిహద్దు అవతలి గనులవాళ్లు కూడా పెద్ద బండ తీయాలంటే మోటారు సైకిల్ మీద వచ్చి యోహానును తీసుకుపోయేవారు.

ఇబ్రహీం పొట్టి మనిషి, సన్నం. నోరంతా కప్పేసే దట్టమైన మీసం ఉండేది. ఆ మీసం వెనక నుంచి ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కెం వచ్చేది. "మా యోహాన్ భాయ్‌కి బండతోని నిఖా అయింది, నేను సాక్షి సంతకం పెట్టిన" అనేవాడు. రంజాన్ నాడు యోహాను ఇంట్లో అందరూ ఇబ్రహీం ఇంట్లో తినేవారు. క్రిస్మస్‌కు ఇబ్రహీం పిల్లలు యోహాను ఇంట్లోనే పడుకునేవారు. యోహాను భార్య నాగవ్వా, ఇబ్రహీం భార్య గౌసియాబీ పొలం పనికి కలిసి పోయి కలిసి వచ్చేవారు.

గనిలోకి కోత మిషన్లు వచ్చినప్పుడు మొదటి మిషను యోహానుకే ఇచ్చారు. అది తిరిగితే పక్కన నిలబడ్డవాడికి పళ్లు కూడా అదిరేవి. మిషను పక్కన పనిచేసేవాళ్లను చెవుల్లో దూది పెట్టుకొమ్మని నేనే చెప్పాను. ఇబ్రహీం దూది పెట్టి, పైన తువ్వాలు కూడా చుట్టేవాడు. యోహాను నవ్వాడు.

"దూది పీనుగుకు పెడ్తరు పెద్దన్నా. నేనింక బతికే ఉన్న" అన్నాడు.

అందరం నవ్వాం. అలాంటి చెవి ఉన్నవాడు ఆ మాట అంటే చెల్లుతుందనిపించింది.

కొన్నేళ్లకు మనిషి మారాడు. వెనకనుంచి పిలిస్తే తిరగడు. ఎదురుపడి నమస్తే పెడితే పెడతాడు, పక్కనుంచి పెడితే పట్టించుకోడు. పెద్ద మేస్త్రీ అయినంక పిలిస్తే పలుకుతలేడు, పొగరు నెత్తికెక్కింది అని గనిలో అనుకోసాగారు. నాకూ అలాగే తోచింది. అంత పనితనం ఉన్నవాడికి కాస్త పొగరుంటే తప్పేముందిలే అని సర్దుకున్నాను. ఒక రోజు తాండూరు బస్టాండు పక్కన చాయ్ హోటల్లో కూర్చున్నాం. మా మనుమరాలు శ్యామలకు వికారాబాద్ సంబంధం కుదిరిందని, పిల్లవాడు మంచివాడని చెప్పాను. యోహాను సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ, "పాతదానికి ఎన్నిసార్లు రిపేరు చేపిస్తవు పెద్దన్నా, మోటరు కొత్తదే కొను" అన్నాడు. హోటలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఇబ్రహీం. "చూడు, మా భాయ్ ముసలోళ్లతోని గూడ మజాకులే" అని నా భుజం తట్టి, మాట వేరేవైపు తిప్పేశాడు.

ఆ రోజుల్లోనే ఇబ్రహీం మీసం తీసేశాడు. ఇరవై ఏళ్ల మీసం ఒక్క పొద్దున లేకుండా పోయింది. గనిలో ఆ రోజు పనే జరగలేదు. హీరో అయినవా అని ఒకడు, రెండో పెళ్లా అని ఒకడు. ఇబ్రహీం సిగ్గుపడ్డట్టు నటించి, "గౌసియా గుచ్చుకుంటున్నదన్నది" అన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇంకో సంగతి కూడా గమనించాం. ఇబ్రహీం పనికి రాని రోజు యోహాను కూడా రాడు. ఒంట్లో బాగాలేదంటాడు. జోడీ అంటే ఇలా ఉండాలి అని కొత్తగా పనిలో చేరిన పిల్లలకు నేను చెప్పేవాణ్ణి.

యోహాను బిడ్డ రెబెక్క నర్సు చదివింది. వికారాబాద్‌లో ఉద్యోగం, మొగుడు డేవిడ్‌దీ అక్కడే పని. వాళ్లు పోయే ప్రార్థన మందిరం కొత్తగా కడుతున్నారు. లోపల రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల ఒకటే రాతితో, ఎక్కడా అతుకు లేకుండా చేయించాలని సంఘం పెద్దలు అనుకున్నారట. మా నాయిన తీస్తడు అని రెబెక్క చెప్పింది. పెద్దలు ముగ్గురు కారులో వచ్చారు. పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, జానెడు మందం. అంత బండ చెక్కుచెదరకుండా ఈ గనిలో ఎవరూ తీయలేదు, నేను కూడా తీయలేదు. యోహాను తీస్తానన్నాడు. అప్పుడు వాళ్లలో పెద్దాయన, బల్ల అంచు మీద తీసిన మేస్త్రీ పేరు చెక్కిస్తామని అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. యోహాను ఆయన నోటివంకే చూస్తూ, ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి అన్నాడు:

"మా తాత పేరు యాడ రాసిలేదు పెద్దన్నా. మా నాయిన పేరు ఓటరు లిస్టుల తప్పు పడ్డది, సచ్చేదాక తప్పే ఉండె. నా పేరు బండ మీద ఉంటది ఇగ."

ఆ మాటకు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెబుతున్నాను, నా పేరు కూడా ఏ బండ మీదా లేదు.

ఇబ్రహీం ఊరుకోక, "కిందికెల్లి చిన్న అక్షరాలల్ల నా పేరు గూడ ఏస్తరా సార్, బల్ల కిందికి దూరినోళ్లు సదువుకుంటరు" అన్నాడు. పెద్దలు పగలబడి నవ్వారు. యోహాను మాత్రం నవ్వలేదు. వాళ్ల మొహాలు, ఇబ్రహీం మొహం మార్చి మార్చి చూశాడు. ఆ సాయంత్రం ఇంట్లో, ఇబ్రహీంకు కండ్లు మండుతున్నయి, పెద్దమనుషుల ముందర నన్ను చూసి నవ్విండు అన్నాడట. నాగవ్వ ఎంత చెప్పినా వినలేదట. ఇది నాగవ్వ నాకు తర్వాత చెప్పింది.

అప్పటినుంచి జోడీ మధ్య ముల్లు పడింది. అన్నం షెడ్డులో ఈ మూల ఒకరు, ఆ మూల ఒకరు. గని అడుగు పొరలో, మచ్చ లేని నీలిబండ దొరికింది. యోహాను దాని పక్కనే కాపురం పెట్టినంత పనిచేశాడు. రోజూ అరచేత్తో దుమ్ము తుడిచి, పేరు ఎక్కడ వస్తుందో వేలితో గీసి చూసుకునేవాడు. ఒకసారి నేను పోయేసరికి గీస్తూ ఉన్నాడు. తనకు వచ్చిన అక్షరాలు ఆ మూడే.

బండ ఎత్తే రోజు వికారాబాద్ నుంచి జనం వచ్చారు. పాస్టరుగారు, సంఘం పెద్దలు, రెబెక్క, డేవిడ్. రెబెక్క చేతిలో బంతిపూల దండ, బండకు వేయడానికి. యోహాను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. గని పనికి తెల్లచొక్కా వేసుకున్నవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. సరిహద్దు అవతలినుంచి క్రేను తెప్పించారు, దాని డ్రైవరు కన్నడం తప్ప ఇంకోటి మాట్లాడడు. నేను పైన గట్టు మీద క్రేను పక్కన నిలబడ్డాను. ఇంజను రొద.

కింద యోహాను బండను తట్టాడు. అవతలి అంచున ఇబ్రహీం వంగాడు. ఎప్పుడూ వంగగానే లేచేవాడు, ఈసారి వంగే ఉన్నాడు. ఇంకోసారి కొట్టమని చెయ్యి చూపాడు. యోహాను కొట్టాడు. ఇబ్రహీం లేచి నిలబడి, యోహాను మొహంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. అక్కడ ఏ మాటలు నడిచాయో పైన ఉన్న నాకు అప్పుడు వినబడలేదు. కింద పార పట్టుకుని ఉన్న మొగులప్ప తర్వాత ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు.

"పలకలే, యోహాన్ భాయ్. నడుమల నెర్రె ఉన్నది."

"పలికింది."

"పలకలే అంటున్న గద. ఇంజను బంద్ చేపియ్యి, పెద్దన్నను పిలువు. ఆయన వింటడు."

అన్ని కళ్లూ యోహాను మీదే ఉన్నాయి. బిడ్డ దండ పట్టుకుని చూస్తోంది. పదిమంది ముందు, తన బండ మీద, తన చెవి కాదని ఇంకొకరి చెవిని పిలవమన్నాడు ఇబ్రహీం.

"నీ చెవులు పోయినయ్ ఇబ్రహీం" అన్నాడు యోహాను. గట్టిగా అన్నాడు, అది మాత్రం గట్టు మీదికి నాకూ వినిపించింది. "దూది పెట్టి పెట్టి చెవుడొచ్చింది నీకు. చెవిటోనికి గనిల ఏం పని? పో. బయటికి పో."

ఇబ్రహీం ఆ క్షణాన ఒక్క మాట అని ఉంటే అంతా ఆగిపోయేది. ఆ మాట ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు, అప్పుడు తెలియదు. అతను యోహానును కాసేపు చూశాడు. రెబెక్క వైపు, వచ్చిన పెద్దల వైపు చూశాడు. "మంచిది" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పైకి ఎక్కి వచ్చాడు. నా పక్కకు వచ్చి, "జర ఆపియ్యి పెద్దన్నా" అన్నాడు. ఊపిరి ఎగపోస్తున్నాడు.

నేను గట్టు అంచుకు పోయి "యోహానూ, ఆపు" అని అరిచాను. నా అరుపుకు ఆ గనిలో ఆగనివాడు లేడు. యోహాను తిరిగి కూడా చూడలేదు. నా మాట కూడా లెక్కలేదా వీడికి అని నాకు ఒళ్లు మండింది. డ్రైవరు కిందికి చూసి "ఆయ్తా?" అని, అయిందా అన్నట్టు చెయ్యి ఊపాడు. యోహాను బొటనవేలు ఎత్తి చూపాడు. నేను డ్రైవరు వైపు పరుగెత్తేలోపే గొలుసు బిగిసింది.

మా గనిలో ఒకే నోటి మాట మీద బండ లేవడం అదే మొదటిసారి.

బండ ఒక అంచు లేచింది, తర్వాత మొత్తం లేచింది. ఎండకు నీలంగా మెరిసింది. యోహాను దాని కిందికి పోయి, ఊగకుండా అంచుకు అరచెయ్యి ఆనించి, బిడ్డ వైపు చూసి నవ్వాడు. అప్పుడు టక్కున ఒక చప్పుడు, ఎండు చింతకొమ్మ విరిచినట్టు. ఇంజను రొదలో కూడా అందరికీ వినబడింది. కింద ఉన్నవాళ్లంతా ఒక్క దుముకు వెనక్కి దూకారు. రెబెక్క "నాయినా" అని కేక పెట్టింది. యోహాను ఒక్కడే కదలలేదు. చెయ్యి బండకు ఆనించి అలాగే నవ్వుతూ నిలబడ్డాడు.

అసలా మనిషికి ఏమైంది? ఎందుకు కదలడు? నా బుర్ర ఆ ప్రశ్న దగ్గరే ఉండగా ఇబ్రహీం నా పక్కన లేడు. గట్టు మీదినుంచి జారుకుంటూ దిగి, పరుగెత్తి, తలతో పొడిచినట్టు యోహానును నెట్టాడు. సగం బండ ఊడిపడింది.

దుమ్ము లేచింది. డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో, దూరంగా పడ్డ యోహాను మోకాళ్ల మీద లేచి, తెల్లచొక్కా దులుపుకుంటూ, గనంతా మారుమోగేలా అరిచాడు:

"ఎవడురా నన్ను నూకింది?"

బండ కిందినుంచి తువ్వాలు కొస ఒకటి బయటికి కనబడుతోంది. అతను దాన్ని చూశాడు. ఆ తర్వాత అతని గొంతు నుంచి వచ్చిన చప్పుడు మాట కాదు.

ఇబ్రహీంను తాండూరులో మట్టి చేశారు. గనివాళ్లంతా పోయాం, యోహాను కూడా వచ్చి గోడ బయట నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పిలవలేదు, పిలిచినా పలికేవాడు కాదు. వారం తిరగకుండానే గనిలో మాటలు పుట్టాయి. పని వదిలి పోయినవాడు మళ్లీ లోపలికెందుకు దూరాడు? అలిగి పోయిన మనిషికి బండ కింద ఏం పని? అడ్డం రాకుంటే యోహాను తనంతట తానే పక్కకు జరిగేవాడు, బతికేవాళ్లు ఇద్దరూ బతికేవారు. యజమాని మనుషులకు ఈ మాట బాగా కుదిరింది, తప్పు ఇబ్రహీందే అని కేసు కాగితాల్లో రాయించబోతున్నారని తెలిసింది. ఇదంతా గౌసియాబీ చెవిన పడింది. మొగుడు పోయిన ఆడమనిషి, దినాలు తీరేదాకా గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. కబురు పంపింది, యోహాన్ భాయ్ మా ఇంటికి రావాలె, పెద్దన్న గూడ రావాలె, నలుగురు వినంగ నేను ఒక్క మాట అడగాలె అని.

పోయాం. నేను, యోహాను, నాగవ్వ, మొగులప్ప, ఇంకొందరు. ఇంటి ముందు చాపలు వేశారు. గుమ్మానికి పచ్చని గుడ్డ పరదా కట్టి ఉంది. గౌసియాబీ దాని వెనక కూర్చుంది. యోహాను పరదాకు ఎదురుగా తల వంచుకుని కూర్చున్నాడు. ఈ కొద్ది రోజుల్లోనే ముసలివాడైపోయాడు.

లోపలినుంచి గౌసియాబీ గొంతు వచ్చింది, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"భాయ్, నా ఇంటాయన ఆనాడు పలికింది అన్నడా, పలకలే అన్నడా? గంతే, నీ నోటితోని చెప్పు."

యోహాను మాట్లాడలేదు. పరదా వంక చూస్తూ ఉన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ మౌనమే. మొగులప్ప పళ్లు కొరికి, "మనిషి సచ్చినా పొగరు సావలే" అన్నాడు. నాకు కూడా చెయ్యి లేచేదే. గుండె మీద అంత బరువుతో ఆమె అడుగుతుంటే, బండలా కూర్చుంటాడా?

నాగవ్వ మొగుడి మోచేతిని తట్టింది. యోహాను ఆమె మొహం చూశాడు. ఆమె ఏమీ అనలేదు, ఏడుస్తోంది. అతను మళ్లీ పరదా వైపు తిరిగి, వీధి చివరి ఇళ్లవాళ్లు కూడా బయటికి వచ్చేంత గట్టిగా అన్నాడు:

"గౌసియమ్మా, నువ్వు అడిగేది నాకు వినబడ్తలే. ముఖం కనబడితేనే నాకు మాట తెలుస్తది."

మొగులప్ప నా వంక చూశాడు.

"మూడేండ్ల సంది వినబడ్తలే. బండ పలికేది గూడ వినబడ్తలే. బిడ్డ దవాఖానకు రమ్మంటె తిట్టి పంపిన. నేను సుత్తెతోని కొడ్తుంటి, ఇబ్రహీం మొఖం చూస్తుంటి. ఆయన పలికింది అంటె నేను పలికింది అంటుంటి. గానాడు పలకలే అన్నడు. నా పేరుకు అడ్డం పడ్తున్నడు అనుకున్న. చెవిటోడా అని నేనే ఆయన్ను ఎల్లగొట్టిన. బండ ఇరిగింది గూడ నాకు తెల్వలే. ఇబ్రహీం తప్పు లేదు. అందరు వినుండ్రి, ఇబ్రహీం తప్పు లేదు."

తన గొంతు ఎంత పెద్దగా ఉందో అతనికి తెలియదు. అందుకే వీధి వీధంతా విన్నది.

నేను నలభై ఏళ్లు బండ లోపలి నెర్రెలు పట్టినవాణ్ణి. గట్టు మీదినుంచి చూసి ఏ బండ పనికొస్తుందో చెప్పినవాణ్ణి. మూడేళ్లుగా ఈ మనిషి నా ఎదుటే, నాతో చాయ్ తాగుతూ... ఆ మూడేళ్లలో అతను పలికిందన్న బండలు ఎన్ని ఇళ్ల కప్పుల మీదికి పోయాయో! ఒక్కటీ విరగలేదు. ఎందుకు విరగలేదో ఇప్పుడు తెలుస్తోంది. పేరు యోహానుది, చెవులు ఇబ్రహీంవి. ఆ చెవులనే అతను గనిలోనుంచి వెళ్లగొట్టాడు.

పరదా కదిలింది. గౌసియాబీ లేచి, ఆ గుడ్డను ఒక చేత్తో పక్కకు తీసి, గుమ్మంలో నిలబడింది. వెనకనుంచి ఎవరో పెద్దావిడ వద్దని కొంగు లాగింది. ఈమె వినలేదు. యోహాను కళ్లెత్తి ఆమె నోటివంక చూశాడు. ఆమె ఒక్కో మాటా నిదానంగా అన్నది:

"ఆయనకు ఎరికే భాయ్."

యోహాను పెదవులు ఆ మాటను అనుకుంటున్నట్టు కదిలాయి.

"మొదటి నుంచి ఎరికే. నాకు చెప్పి ఒట్టు ఏపిచ్చుకున్నడు, ఎవ్వరికి చెప్పొద్దని. మేస్త్రీ పేరు పోతది అన్నడు. గందుకే దినాం నీ ఎదురుంగనే నిలవడుతుండె. మీసం నాకోసం తీసిండు అని అందరు నవ్విన్రు గద. నీకోసం తీసిండు. నీకు నోరు కనబడాలె అని."

మొగులప్ప తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గనిలో ఇబ్రహీం ఆ రోజు అనగలిగీ అనకుండా మింగిన మాట ఏదో అప్పుడు నాకు అర్థమైంది. చెవుడు నాకు కాదు భాయ్, నీకు అని పదిమందిలో అంటే సరిపోయేది. బిడ్డ ముందర అనలేక, మంచిది అని పైకి ఎక్కి వచ్చాడు.

ఆ తర్వాత తప్పు ఇబ్రహీందని ఎవరూ రాయలేదు, అనలేదు. వికారాబాద్ మందిరంలో టేకు బల్ల పెట్టారట, దాని మీద ఎవరి పేరూ లేదు. యోహాను మళ్లీ సుత్తె ముట్టలేదు. రెబెక్క చెవి మిషను కొనిచ్చింది. పెట్టుకోలేదు.

ఆ రోజు మాత్రం అతను గౌసియాబీ గుమ్మం ముందునుంచి లేవలేదు. తర్వాత, "ఇంకొకసారి చెప్పు గౌసియమ్మా" అన్నాడు. అర్థం కాక అడిగాడో, ఇంకోసారి అనిపించుకోవాలని అడిగాడో నాకు తెలియదు. ఆమె పరదా వదల్లేదు. వెలుతురు మొహం మీద పడేలా కాస్త ముందుకు జరిగి, మళ్లీ మొదటినుంచి చెప్పింది.